హెచ్‌పీవీ టీకా: అక్క కార్డు, నా కార్డు

మా ఇంట్లో ‘ఆ సూది’ అంటే చాలు, ఏ సూది అని ఎవరూ అడగరు. 2009లో మా అక్కకు హాస్టల్లో వేసిన సూది అది. అక్క అప్పుడు ఏడో తరగతి, 12 ఏళ్లు. నేను ఊళ్లో రెండో తరగతి. మాది ఉమ్మడి ఖమ్మం జిల్లాలో మున్నేరు పక్కన మిర్చి, పత్తి పండే ఊరు. అమ్మానాన్న కూలికి పోయేవాళ్లు. ఊళ్లో ఐదు దాకానే ఉండటంతో అక్కను ప్రభుత్వ హాస్టల్లో చేర్చారు. ఆ సూది పేరు హెచ్‌పీవీ టీకా అనీ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేస్తారనీ మాకు తెలిసేసరికి ఏళ్లు గడిచిపోయాయి.

2024లో అదే రకం టీకా నేను నా జీతం డబ్బులతో, నా ఇష్టంతో వేయించుకున్నాను. మూడు డోసులూ అయ్యాయి. వేయించుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి పట్టిన కాలం, పడ్డ టెన్షన్, అడిగిన ప్రశ్నలు, వచ్చిన జ్వరం అన్నీ రాస్తున్నాను. నా వయసు ఆడపిల్లలూ వాళ్ల అమ్మలూ చదవాలని.

మొదలు మా పెద్దమ్మతో. 46 ఏళ్లకు ఆమెకు నెలసరి ఆగిపోయింది. రెండేళ్ల తర్వాత మళ్లీ రక్తం కనబడింది. అంతకుముందు నుంచే తెల్లబట్ట, దాంతో పాటు వాసన. వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టుకుని తాగింది. నడుం నొప్పి వంగి పని చేయడం వల్ల అనుకుంది. ఎవరికి చెప్పుకోవాలన్నా సిగ్గు. మా అమ్మకు చెప్పేసరికే ఆర్నెల్లు దాటింది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేసి మూడో స్టేజీ అన్నారు. 25 రోజులు కరెంటు పెట్టారు. మా వైపు రేడియేషన్‌ను కరెంటు అనే అంటారు. మధ్యలో వారం వారం కీమో, ఆఖర్న లోపల నుంచి పెట్టే కరెంటు. నేను డిగ్రీ చదువుతూ హైదరాబాద్‌లోనే ఉన్నాను కాబట్టి ఆమె వెంట ఎక్కువగా తిరిగింది నేనే. చాపలు పరుచుకుని కూర్చున్న ఆడవాళ్ల మాటలు వినేదాన్ని. వాళ్లలో చాలామందిది పెద్దమ్మ కథే. కనబడింది, దాచుకున్నారు, ఆలస్యమైంది.

కొన్నాళ్లకు పెద్దమ్మ కాళ్లకు నీరు పట్టి పట్టీలు బిగుసుకుపోయాయి. సబ్బు నీళ్లు రాసి నేనే తీశాను. చర్మం మీద పట్టీల గుర్తులు ఎర్రగా పడ్డాయి. కాళ్లు తగ్గాక పెట్టుకుంటాను, నీ బ్యాగులో ఉంచవే అంది. 2022 దసరాకు ముందు పోయింది. ఆ పట్టీలు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.

ఆ రోజుల్లోనే ఒక నర్సమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది, “ఇది టీకాతో ఆపగలిగే క్యాన్సర్ అమ్మా, నువ్వు వేయించుకున్నావా?” అని. క్యాన్సర్‌కు టీకా ఏమిటి అన్నాను. హెచ్‌పీవీ అని చీటీ మీద రాసిచ్చింది. రాత్రి హాస్టల్‌కి వచ్చి ఫోన్‌లో వెతికితే రెండో మూడో వార్తలోనే మా జిల్లా పేరు కనబడింది. అప్పుడు అర్థమైంది, అక్కకు వేసింది ఇదేనని.

అప్పటి సంగతి తెలియని వాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మా భయం ఉత్త అజ్ఞానం కాదు. 2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకా వేయడం మొదలుపెట్టారు. ఒక విదేశీ స్వచ్ఛంద సంస్థ ప్రభుత్వంతో కలిసి చేపట్టిన ప్రాజెక్టు అది. ఇలాంటిదే గుజరాత్‌లోని వడోదరలో కూడా జరిగింది. మా జిల్లాలో సుమారు 14 వేల మంది పిల్లలకు వేశారు. వాళ్లలో చాలామంది హాస్టల్ పిల్లలు, గిరిజనుల, పేదల పిల్లలు. కొన్ని నెలలకు టీకా పడ్డ పిల్లలు చనిపోయారని వార్తలు వచ్చాయి. రెండు చోట్లా కలిపి ఏడుగురు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం మొత్తం ఆపేసింది.

విచారణలో తేలిందేమిటంటే, ఏడుగురిలో ఒకరు క్వారీ నీళ్లలో మునిగి, ఒకరు పాము కరిచి, ఇద్దరు పురుగుల మందు తాగి, ఒకరు మలేరియా ముదిరి చనిపోయారు. మిగిలిన ఇద్దరి విషయంలో, ఒకరిది తీవ్రమైన జ్వరం, ఒకరిది మెదడులో రక్తస్రావం కావచ్చన్నారు. వాటికీ టీకాతో సంబంధం ఉండే అవకాశం లేదనే చెప్పారు. అదే విచారణ ఇంకో సంగతి బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 9,543 అనుమతి పత్రాలు పరిశీలిస్తే 2,763 మీద ఉన్నవి హాస్టల్ వార్డెన్ల సంతకాలు. 1,948 మీద వేలిముద్రలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ తీరును చాలా గట్టిగా తప్పుపట్టింది.

మా అక్క కాగితం మీద అమ్మానాన్నల సంతకం లేదు. అమ్మ సంతకం చేయగలదు, నాన్న కూడా చేయగలడు. హాస్టల్ మా ఊరికి బస్సు దూరం. ఎవరూ అడగలేదు. అక్కకు చెప్పింది “మంచి సూది, పెద్దయ్యాక క్యాన్సర్ రాదు, లైన్లో నిలబడండి” అని మాత్రమే. రెండు డోసులు పడ్డాయి. 2010 సంక్రాంతి సెలవులకు ఇంటికొచ్చిన అక్క మలేరియాతో మంచాన పడింది. తగ్గేసరికి నెల దాటింది, మూడో డోసు తప్పిపోయింది. అంతలో పిల్లలు చచ్చిపోతున్నారన్న మాట ఊళ్లో పాకింది. అమ్మ అక్కను మళ్లీ ఆ హాస్టల్‌కు పంపలేదు.

అప్పటి నుంచి అక్కకు ఏమొచ్చినా ఆ సూది వల్లే. కడుపునొప్పి వస్తే ఆ సూది. పెద్దమనిషి కావడం కొంచెం ఆలస్యమైతే ఆ సూది. పెళ్లి చూపులప్పుడు అమ్మ ఆ మాట బయటికి రాకుండా దాచింది, పిల్లలు పుట్టరంటారేమోనని. పెళ్లైన ఏడాదికే అక్కకు కూతురు పుట్టింది. అయినా భయం పోలేదు.

ఇలాంటి ఇంట్లో పుట్టిన నేను ఈ టీకా వేయించుకుంటానని చెప్పడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో చదివాను. వైరస్ గురించి చదివింది ముందు చెప్తాను.

హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్. చాలా రకాలున్నాయి. అందులో 16, 18 నంబర్ల రకాలు కలిపి ఈ క్యాన్సర్లలో ఇంచుమించు 70 శాతానికి కారణం. ఈ సంబంధాన్ని కనిపెట్టిన జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. వైరస్ శారీరక సంబంధం వల్ల అంటుతుంది. ఇది చదివినప్పుడు నాకు పెద్దమ్మ గుర్తొచ్చి కోపం వచ్చింది. ఆమె మీద ఎవరైనా ఏదైనా అంటారేమోనని. కానీ ఇది అంత మామూలు వైరస్. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఎక్కువ మందికి తగిలేదే. భర్త ఒక్కడితోనే బతికిన ఆడదానికీ వస్తుంది. చాలామందికి ఏడాది, రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొద్దిమందిలో తిష్ట వేసుకుని కూర్చుంటుంది. అది క్యాన్సర్‌గా మారడానికి 15, 20 ఏళ్లు పట్టొచ్చు. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదిలో లక్షా 27 వేల మందికి పైగా ఆడవాళ్లకు కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చింది, దాదాపు 80 వేల మంది పోయారు. అందులో మా పెద్దమ్మ ఒకరు.

2024 ఫిబ్రవరి 1న మధ్యంతర బడ్జెట్‌లో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చెప్పారు. ఆ సాయంత్రం కూకట్‌పల్లి హాస్టల్ రూములో ఉండి అమ్మకు ఫోన్ చేశాను. మిర్చి ఏరుడు రోజులు, అలసిపోయి ఉంది. చెప్పగానే ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత అంది, “ఒకదాన్ని ఆ సూదికి ఇచ్చి పదిహేనేళ్లు భయపడ్డ. రెండోదాన్ని ఇయ్యను.” ఫోన్ పెట్టేసింది.

నేను వాదించలేదు. అమ్మను ఒప్పించే ముందు నన్ను నేను ఒప్పించుకోవాలి కదా. ఆ నెలాఖర్లో ఒక లేడీ డాక్టర్ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. ప్రశ్నలు పేపర్ మీద రాసుకుని పోయాను, మొత్తం పదకొండు. మేడం ఆ కాగితం తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కొక్కటీ చదివి టిక్కు పెట్టుకుంటూ జవాబు చెప్పారు. బయట ఇంకా ఆరేడుగురు పేషెంట్లు ఉన్నారు. అయినా తొందరపెట్టలేదు. నాకు ఆ టీకా మీద నమ్మకం సగం అక్కడే వచ్చింది.

మొదటి ప్రశ్న, ఇందులో వైరస్ ఉంటుందా? మేడం అన్నారు, “వేరుశెనక్కాయ ఒలిచి, గింజ తీసేసి, ఉత్త తొక్క భూమిలో పెడితే మొలుస్తుందా? ఇది ఆ తొక్క.” వైరస్ పైతొడుగులో ఉండే ప్రోటీన్‌ను ఈస్ట్ అనే సూక్ష్మజీవిలో తయారు చేస్తారట. ఆ ప్రోటీన్ ముక్కలు వాటంతటవే వైరస్ ఆకారంలో గుండ్రంగా అతుక్కుంటాయి. లోపల మాత్రం ఖాళీ, వైరస్ జన్యువు ఉండదు. శరీరం ఆ ఆకారాన్ని గుర్తు పెట్టుకుంటుంది. అసలు వైరస్ వస్తే పట్టుకుంటుంది. కాబట్టి టీకా వల్ల వైరస్ అంటదు, క్యాన్సర్ రాదు.

రెండోది, పిల్లలు పుట్టరా? ఈ ప్రశ్న రాసేటప్పుడే నా చెయ్యి వణికింది. పిల్లలు పుట్టకుండా పోతుందన్న దానికి ఎక్కడా ఆధారం దొరకలేదనీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీ మళ్లీ మళ్లీ పరిశీలించిందనీ చెప్పారు. తర్వాత నేనూ చదివాను. 2017 నాటికే 27 కోట్లకు పైగా డోసులు పంపిణీ అయ్యాయి. ప్రాణం మీదికి వచ్చే తీవ్రమైన అలర్జీ పది లక్షల డోసులకు సుమారు 1.7 చొప్పున కనబడింది. అది కూడా వేసిన కొద్దిసేపట్లోనే వస్తుంది, మందు దగ్గర ఉంటే సరిచేయొచ్చు. గర్భంతో ఉన్నప్పుడు మాత్రం వేయరు, కాన్పు అయ్యేదాకా ఆగమంటారు.

జపాన్ సంగతి కూడా చెప్పారు. అక్కడ 2013 ఏప్రిల్‌లో దీన్ని ప్రభుత్వం మామూలుగా వేసే టీకాల్లో చేర్చి, కొందరు అమ్మాయిలకు ఒళ్లు నొప్పులు, నడవలేకపోవడం వంటివి వచ్చాయని టీవీల్లో రావడంతో జూన్‌లోనే ప్రభుత్వం సిఫార్సు ఆపేసింది. దాదాపు 70 శాతం మంది వేయించుకునే చోట ఒక శాతం లోపుకు పడిపోయింది. ఆ తర్వాత నగోయా నగరంలో దాదాపు 30 వేల మంది అమ్మాయిలను అడిగి చూస్తే, టీకా వేయించుకున్న వాళ్లకూ వేయించుకోని వాళ్లకూ ఆ లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. మళ్లీ 2022లో గానీ సిఫార్సు మొదలు కాలేదు. ఆ తొమ్మిదేళ్లూ అక్కడి పిల్లల్లో చాలామంది ఈ టీకా రక్షణ లేకుండా పెరిగారు. అది వింటుంటే మా జిల్లా, మా అక్క కడుపునొప్పులు గుర్తొచ్చాయి. ఆ వయసు ఆడపిల్లలకు టీకా పడినా పడకపోయినా నొప్పులూ జ్వరాలూ వస్తూనే ఉంటాయి. మేం అన్నింటినీ తెచ్చి దానికే ముడిపెట్టాం.

పని చేస్తుందా అంటే, దీని మీదే నాకు బాగా నమ్మకం కుదిరింది. స్వీడన్‌లో 16 లక్షల మందికి పైగా అమ్మాయిల రికార్డులు చూశారు. 17 ఏళ్ల లోపు టీకా పడ్డ వాళ్లలో ఈ క్యాన్సర్ 88 శాతం తక్కువ. 2020లో ఆ ఫలితం వచ్చింది. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో, 12, 13 ఏళ్లకు వేసిన వాళ్లలో 87 శాతం తగ్గింది. మొలకలోనే తుంచినట్టు అన్నమాట.

“నాకు 22 ఏళ్లు మేడం, ఆలస్యమైందా?” అని అడిగాను. అటెండర్‌ను బయటికి పంపి, తలుపు వేసి, సొంత విషయం ఒకటి అడిగారు. జవాబు ఏదైనా టీకా వేయొచ్చనీ, అప్పటికే ఏదైనా రకం వైరస్ ఉంటే దాన్ని మాత్రం టీకా పోగొట్టదనీ, అందుకే 9 నుంచి 14 మంచి వయసు అంటారనీ చెప్పారు. నా వయసుకు మూడు డోసులు. మొదటిది వేశాక రెండు నెలలకు ఒకటి, ఆర్నెల్లకు ఒకటి. డబ్బుల విషయం కూడా దాచలేదు. సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ల సెర్వావ్యాక్ అనే టీకా అప్పట్లో డోసు 2 వేల రూపాయలు. నాలుగు రకాల మీద పనిచేస్తుంది, అందులో 16, 18 ఉన్నాయి. గార్డసిల్ 9 అనే ఇంకో టీకా తొమ్మిది రకాల మీద పనిచేస్తుంది గానీ అప్పట్లో డోసు పది వేల పైమాటే. నా జీతం 22 వేలు. సెర్వావ్యాక్ అన్నాను. “మంచిదే, కానీ ఏది వేసుకున్నా 30 దాటాక స్క్రీనింగ్, అంటే లక్షణాలు లేకముందే చేసే పరీక్ష, మానకూడదు, టీకా ఆపలేని రకాలు ఇంకా ఉన్నాయి” అన్నారు.

అప్పుడు కూడా ఆ రోజే వేయించుకోలేదు. “ఇంటికెళ్లి ఆలోచించుకుని రా” అని మేడమే పంపారు. మళ్లీ శనివారం వెళ్లాను. ఎడమ జబ్బకు వేశారు. సూది గుచ్చినప్పుడు ఏమీ లేదు, మందు లోపలికి పోతుంటే మాత్రం మంట. సాయంత్రానికి జబ్బ బరువెక్కి, తల దువ్వుకోవడానికి చెయ్యి ఎత్తలేకపోయాను. రెండో రోజుకు తగ్గింది. అంతే. ఆ నెల నెలసరి వచ్చే రోజు కోసం మాత్రం క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. తారీఖుకే వచ్చింది.

ఆ తర్వాత అమ్మకు చెప్పాను. తిట్టింది, ఏడ్చింది. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి “ఎట్లుంది?” అని అడిగేది. నెల రోజులు అడిగింది. ఏప్రిల్ చివర్లో రెండో డోసుకు తనే వస్తానంది. మిర్చి పని అయిపోయింది. వస్తూ వస్తూ పాలిథిన్ కవర్లో చుట్టి ఒకటి తెచ్చింది. అక్క కార్డు.

ఇన్నేళ్లూ అది ట్రంకు పెట్టెలో పట్టుచీర మడతల కింద ఉందని నాకు తెలియదు. మూలలు అరిగి మెత్తబడ్డాయి, కలరా ఉండల వాసన. అంతా ఇంగ్లీషులో ఉంది. అక్క పేరు బాల్ పెన్నుతో తప్పు స్పెల్లింగులో రాసి ఉంది. కింద మూడు గడులు. మొదటి గడిలో తారీఖు, రెండో గడిలో తారీఖు. మూడోది ఖాళీ. “దీన్ల ఏం రాసుందో చదివించాలని పెట్టిన. ఎవరిని అడగాల్నో తెల్వక అట్లనే ఉంచిన” అంది అమ్మ.

మేడం ఆ కార్డు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. అమ్మను కుర్చీ దగ్గరికి లాక్కోమన్నారు. “అమ్మా, నీ బిడ్డకు పడ్డది మంచి టీకానే. నిన్ను అడక్కుండా వేయడం తప్పు. ఆ తప్పు మందుది కాదు” అన్నారు. మూడోది పడలేదు కదా, సగంలో ఆగితే ఏమైనా అవుతుందా అని అమ్మ అడిగింది. దానికి మేడం చెప్పిన జవాబు ఆ రోజు నేను విన్న అన్ని మాటల్లోకీ గొప్పది.

అదే 2009లో, మా జిల్లా ప్రాజెక్టుతో సంబంధం లేకుండా, దేశంలో కొన్ని ఆసుపత్రులు కలిసి ఈ టీకా మీద ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ దాన్ని నడిపింది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని చూడటం వాళ్ల ఉద్దేశం. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆపమన్నప్పుడు అది కూడా మధ్యలో ఆగింది. దాంతో వేలమంది పిల్లలు ఒక్క డోసుతోనే ఉండిపోయారు. ఆ డాక్టర్లు వాళ్లను వదిలేయలేదు, ఏళ్ల తరబడి వెంట ఉండి పరీక్షలు చేస్తూ వచ్చారు. 2021లో ఫలితాలు వచ్చాయి. ఒక్క డోసే పడ్డ వాళ్లలో 16, 18 రకాలు తిష్ట వేయకుండా టీకా కాపాడింది 95.4 శాతం. మూడు డోసుల వాళ్లలో 93.3 శాతం. అంటే ఇంచుమించు సమానం. 2022 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుంచి 20 ఏళ్ల వాళ్లకు ఒక్క డోసైనా చాలు అని చెప్పడానికి ఆధారమైన వాటిలో ఇదొకటి. 2010లో సగంలో ఆగిన మన పిల్లల వల్ల కూడా ఇవాళ ఎన్నో పేద దేశాల్లో ఒక్క డోసుతో పని జరుగుతోంది.

“నీ బిడ్డకు రెండు పడ్డాయి, 12 ఏళ్లకే పడ్డాయి. సగం కాదమ్మా అది” అన్నారు మేడం. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఫోన్‌లో అక్కకు వీడియో కాల్ కలిపాను. కొత్తగూడెంలో కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. మేడం అదంతా మళ్లీ తనకు చెప్పారు. అక్క ఏమీ అనలేదు. మిషన్ మీద తల ఆన్చుకుంది. ఫోన్‌లో జడ, భుజం మాత్రం కనబడ్డాయి.

ఆ హడావుడిలో నేను పొద్దుటి నుంచి ఏమీ తినలేదని ఎవరికీ గుర్తు లేదు. రెండో డోసు వేసి కూర్చోమన్నారు. 15 నిమిషాలు కూర్చోవాలి, అది నియమం. ఐదు నిమిషాలకు చెవుల్లో హోరు, చెమట, కళ్లు తిరిగాయి. నర్సమ్మ వెంటనే పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టింది. పది నిమిషాల్లో సర్దుకుంది. అమ్మ ముఖం చూడలేకపోయాను. సూదంటే భయపడ్డప్పుడు ఏ సూదికైనా ఇలా కళ్లు తిరగొచ్చనీ, కుర్రవాళ్లకు మరీ ఎక్కువనీ, పడిపోయి తల పగలకూడదనే కూర్చోబెడతారనీ మేడం వచ్చి అమ్మకు నెమ్మదిగా చెప్పారు. ఆ రాత్రి కొంచెం జ్వరం వచ్చింది, ఒక పారాసిటమాల్‌తో పోయింది. మీరు వెళ్తే కడుపు నిండా తిని వెళ్లండి. వేశాక “ఏం కాలేదు, వెళ్తా” అని లేవకండి.

మూడో డోసు ఆగస్టు 31, శనివారం అనుకున్నాం. ఆ రోజు ఒకటే వాన, బయటికి కాలు పెట్టలేదు. మర్నాడు మున్నేరు పొంగింది. సెప్టెంబర్ 1న ఖమ్మం ఎలా మునిగిందో అందరూ టీవీలో చూశారు. మా ఇంట్లోకి నడుం లోతు నీళ్లు. నేను ఊరికి పోయి మూడు వారాలు బురద ఎత్తాను. ట్రంకు పెట్టెలో ఉన్నవన్నీ పాడయ్యాయి, చీర కూడా. అక్క కార్డు ఏప్రిల్‌లోనే నా దగ్గర ఉంచుకోబట్టి మిగిలింది.

అక్టోబర్ మొదటి వారంలో వెళ్లి, ఐదు వారాలు ఆలస్యమైంది, మళ్లీ మొదటి నుంచి వేయాలా అని అడిగాను. అవసరం లేదు, ఆగిన చోటి నుంచి వేస్తే చాలు అన్నారు. వేశారు. ఈసారి జబ్బ నొప్పి ఒక్క పూట. నా కార్డులో మూడు గడులూ నిండాయి. ఆ రోజే అమ్మకు స్క్రీనింగ్ కూడా చేయించాను. వెనిగర్ లాంటి ద్రావణం దూదితో అద్ది, తెల్లగా మారిన మచ్చలున్నాయేమో చూస్తారు. కొద్ది నిమిషాల పని. అమ్మకు ఏమీ లేదన్నారు. పెద్దమ్మకు ఇదే పరీక్ష పదేళ్ల ముందు జరిగుంటే అని ఇంటికొచ్చే దాకా అమ్మ అంటూనే ఉంది.

2025 మే సెలవుల్లో అక్క తన కూతురిని తీసుకుని హైదరాబాద్ వచ్చింది. పాపకు అప్పటికి తొమ్మిది నిండాయి. వేయిద్దాం అని నేను ఒక్కసారి కూడా అనలేదు. తనే అడిగింది, “మీ మేడం శనివారం ఉంటారా?” అని.

క్లినిక్‌లో ఒక పేజీ అనుమతి పత్రం ఇచ్చారు, తెలుగులో. కింద గీత చూపించి సంతకం పెట్టమంది అమ్మాయి. అక్క పెన్ను తీసుకుని పక్కన పెట్టింది. “చదివి పెడతాను” అంది. నిలబడే చదివింది, ఒక్కో లైను కింద వేలు పెట్టుకుంటూ. రెండు చోట్ల ఆగి మేడంను అడిగింది. అలర్జీ వస్తే ఇక్కడ మందు ఉందా అని ఒకటి, రెండో డోసు ఎప్పుడని ఇంకొకటి. ఉందన్నారు, ఆర్నెల్లకు అన్నారు. తర్వాత కుర్చీలో కూర్చుని పాపను ఒళ్లోకి లాక్కుంది. కాగితంలో ఉన్నది పాపకు అర్థమయ్యేలా చెప్పింది. పెద్దమ్మమ్మకు వచ్చిన జబ్బు నీకు రాకుండా ఇది, కొంచెం మంట పుడుతుంది, రేపు చెయ్యి నొప్పి ఉంటుంది అని. “వేయించుకుంటావా?” అని అడిగింది.

పాప కాసేపు ఆలోచించి, “ఎడమ చేతికి వేయమను, కుడి చేత్తో బొమ్మ వేసుకోవాలి” అంది.

అక్క సంతకం పెట్టింది.